తొలిసారి ఫుటీ కోచ్ అవుతున్నారా? అండర్-9 జట్టును ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా నడిపించే పద్ధతి

ఫిబ్రవరి వచ్చిందంటే మెల్‌బోర్న్‌లోని జూనియర్ ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) క్లబ్బుల నుంచి తల్లిదండ్రులకు ఇంచుమించు ఒకే రకం మెయిల్ వెళ్తుంది. అండర్-9కి పిల్లలు సరిపడా చేరారు, కోచే దొరకలేదు, ఎవరూ ముందుకు రాకపోతే జట్టు ఉండదు అని దాని సారాంశం. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ లాంటి పడమటి శివార్లలో ఆ మెయిల్ అందుకునేవాళ్లలో మనవాళ్లూ ఇప్పుడు బాగానే ఉన్నారు. చాలామంది చదివి ఊరుకుంటారు. "మనకు క్రికెట్ తప్ప ఏం తెలుసు? ఆ కోడిగుడ్డు బంతిని ఎప్పుడైనా ముట్టుకున్నామా?" అనేది అందరి నోటా వినబడే మాట.

ముట్టుకోకపోయినా ఫర్వాలేదు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు వ్యూహాలు అక్కర్లేదు. గంటసేపు శిక్షణలో ఒక్కొక్కరి చేతికి బంతి ఎన్నిసార్లు వచ్చింది అన్నదాన్ని పట్టించుకునే పెద్దమనిషి ఒకరుంటే చాలు. కోచ్‌గా మీరు తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ ఈ ఒక్క కొలతతో చూసుకోండి. కింద రాసిందంతా విక్టోరియా పద్ధతిని బట్టి రాసింది. వేరే రాష్ట్రంలో ఉంటే కాగితాల పేర్లు మారతాయి, పిల్లలు మాత్రం మారరు.

చేయి ఎత్తే ముందు

ఒప్పుకునే ముందు క్లబ్బును మొదట అడగాల్సింది టీమ్ మేనేజర్ ఎవరని. మ్యాచ్ ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎవరు రావడం లేదు, గోల్ అంపైర్‌గా ఎవరు నిలబడతారు, విరామంలో పంచే నారింజలు ఈ వారం ఎవరి వంతు, ప్లేహెచ్‌క్యూ అనే ఆన్‌లైన్ నమోదు సైట్‌లో జట్టు పేర్లు ఎక్కించారా లేదా... ఇవన్నీ మేనేజర్ పని. ఈ పని కూడా మీ మీదే పడితే జూన్ నాటికి మీకు ఆట మీద విసుగు పుడుతుంది. మేనేజర్ లేకుండా కోచ్ పని ఒప్పుకోకండి. ఈ మాట మొహమాటం లేకుండా చెప్పొచ్చు, క్లబ్బువాళ్లు తప్పుగా అనుకోరు.

తర్వాత ఒక అసిస్టెంట్ కావాలి. పదిహేను మంది పిల్లల్ని రెండు గుంపులుగా విడగొట్టాలంటే పెద్దవాళ్లు ఇద్దరుండాలి. ప్రథమ చికిత్స తెలిసిన ట్రైనర్ ఎవరో కూడా ముందే తేల్చుకోండి.

సమయం సంగతి: వారానికి ఒక సాయంత్రం గంట శిక్షణ, ఆదివారం ఉదయం మ్యాచ్. మెల్‌బోర్న్‌లో జూన్ నెలలో అయిదుంపావుకల్లా పొద్దు గుంకుతుంది కాబట్టి మైదానానికి లైట్లున్నాయో లేవో కనుక్కోండి. లైట్లు ఉన్న మైదానంలో ఏ మూల మీకిస్తారో కూడా అడగండి, ఎందుకంటే అండర్-15 వాళ్లు వచ్చి మిమ్మల్ని చీకటి మూలకు నెట్టేస్తారు.

కాగితాలు

మొదటిది వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్, అంటే పిల్లలతో పనిచేసేవాళ్ల గత చరిత్ర తనిఖీ. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లకు విక్టోరియాలో ఇది ఉచితం, అయిదేళ్లు చెల్లుతుంది. ఉద్యోగం కోసం తీసుకున్నది ఇప్పటికే ఉంటే దానికి క్లబ్బు పేరు జోడిస్తే సరిపోతుంది. రెండోది ఈ ఆటను నడిపే జాతీయ సంస్థ ఏఎఫ్‌ఎల్ వారి కోచ్ గుర్తింపు. కోచ్‌ఏఎఫ్‌ఎల్ సైట్‌లో పేరు నమోదు చేసుకుని ఆన్‌లైన్ పాఠాలు పూర్తి చేయాలి. పిల్లల భద్రత గురించిన భాగాన్ని మొక్కుబడిగా నొక్కుకుంటూ పోకండి. ఏ పిల్లాడితోనూ గదిలో ఒంటరిగా ఉండకూడదు, పిల్లలకు నేరుగా మెసేజ్‌లు పెట్టకూడదు, ఏదైనా వాళ్ల తల్లిదండ్రుల ద్వారానే చెప్పాలి. మన ఊళ్లో పీఈటీ మాస్టారికున్న చనువు ఇక్కడి కోచ్‌కు ఉండదు.

క్రికెట్ కళ్లతో ఆటను చూడటం

ఈ ఆట పుట్టడంలోనే క్రికెట్ ఉంది. చలికాలంలో క్రికెటర్ల ఒళ్లు మొద్దుబారకుండా ఉండాలంటే ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకుందామని 1858లో టామ్ విల్స్ అనే క్రికెటర్ ఒక పత్రికకు ఉత్తరం రాశాడు. మరుసటి ఏడాది, 1859 మే 17న, మెల్‌బోర్న్ క్లబ్బు సభ్యులు పది నియమాలు రాసుకున్నారు. క్రికెట్ మైదానాల్లోనే ఆడతారు కాబట్టి మైదానం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. ఎండాకాలం వికెట్ ఉండేచోటే చలికాలంలో ఈ ఆట మొదలవుతుంది.

తెలుసుకోవాల్సిన నియమాలు కొన్నే. ప్రతి చివరా నాలుగు స్తంభాలుంటాయి. మధ్యనున్న రెండు పొడుగు స్తంభాల నడుమ నుంచి, ఎవరికీ తగలకుండా, కాలితో తన్నిన బంతి వెళ్తే గోల్, 6 పాయింట్లు. పొడుగు స్తంభానికీ పొట్టి స్తంభానికీ మధ్య నుంచి వెళ్లినా, దారిలో ఎవరి చేయైనా తగిలినా బిహైండ్, 1 పాయింటు. బంతిని విసరకూడదు. ఒక అరచేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టాలి, అదే హ్యాండ్‌బాల్. ఎవరైనా తన్నిన బంతి 15 మీటర్లకు పైగా ప్రయాణించి నేల తాకకుండా మీ చేతిలో పడితే మార్క్. అప్పుడు ఆట ఆగుతుంది, మీరు తీరిగ్గా తన్నుకోవచ్చు. బంతితో పరిగెత్తేవాళ్లు 15 మీటర్లకోసారి దాన్ని నేలకు కొట్టాలి. టాకిల్ (బంతి ఉన్నవాళ్లను పట్టుకుని ఆపడం) పట్టు భుజాల కింద, మోకాళ్ల పైన మాత్రమే ఉండాలి. వెనక నుంచి తోయకూడదు. తప్పించుకునే అవకాశం ఉండి కూడా బంతిని పట్టుకుని దొరికిపోతే హోల్డింగ్ ద బాల్ అనే తప్పు. పెద్దల మ్యాచ్‌కు వెళ్తే ఆ క్షణంలో గ్యాలరీ మొత్తం "బా...ల్!" అని అరుస్తుంది. ఆఫ్‌సైడ్ లేదు.

చిన్నపిల్లలకు వీటిలో చాలా మార్పులుంటాయి. పద్దెనిమిది మంది బదులు పన్నెండు మంది: నలుగురు ముందు, నలుగురు మధ్యలో, నలుగురు వెనక. మైదానం చిన్నది, బంతి సైజు 2. పెద్దవాళ్లాడే సైజు 5తో ఈ వయసు పిల్లలకు కాలు నొప్పి తప్ప మిగిలేదేమీ లేదు కాబట్టి ఇంట్లో ఉందని తేనివ్వకండి. ఒక్కసారి మాత్రమే బంతిని నేలకు కొట్టి పరిగెత్తొచ్చు, ఆ తర్వాత ఎవరికైనా ఇవ్వాల్సిందే. నేల మీదున్న బంతిని సాకర్‌లా తన్నకూడదు. మార్క్‌కు దూరం విషయంలో సడలింపు ఉంటుంది. స్కోర్‌బోర్డు, పట్టిక, ఫైనల్స్ ఉండవు. మీ లీగ్ ఇచ్చే నియమాల కాగితాన్ని ప్రింటు తీసి సంచిలో పెట్టుకోండి. ఆదివారం ఉదయం మీతో వాదానికి దిగే ఇద్దరు ముగ్గురు తండ్రులకు అది చూపిస్తే చాలు.

పెద్దల మ్యాచ్ ఒకటి టీవీలో కాకుండా మైదానంలో చూడండి. టీవీ బంతి వెంట పోతుంది. బంతి లేని ఆటగాళ్లు ఖాళీ స్థలంలోకి ఎలా పరిగెడుతున్నారో మైదానంలోనే తెలుస్తుంది.

సామాను

క్లబ్బు ఇచ్చే సంచిలో పిల్లలిద్దరికి ఒకటి చొప్పున బంతులుండాలి. పదిహేను మందికి నాలుగే ఇస్తే ఇంకా అడగండి, గట్టిగా అడగండి. బంతుల కొరత ఉన్నచోట వరస పుడుతుంది, వరసలో నిలబడ్డ ఎనిమిదేళ్ల పిల్లాడు పక్కవాణ్ణి గిల్లకుండా ఉండలేడు. ప్లాస్టిక్ కోన్లు, రెండు రంగుల బిబ్‌లు (చొక్కా మీద తొడుక్కునే పల్చటి బనియన్లు), పంపు, విజిల్, ఐస్‌ప్యాక్ ఉంటే సరిపోతుంది. పిల్లలకు అడుగున మౌల్డెడ్ స్టడ్స్ (అచ్చుపోసిన బొడిపెలు) ఉన్న బూట్లు, మౌత్‌గార్డ్ కావాలి. వేడినీళ్లలో వేసి పళ్లతో నొక్కి అమర్చుకునే మౌత్‌గార్డ్ ఏ కెమిస్టు షాపులోనైనా దొరుకుతుంది. శిక్షణకు కూడా అది లేకుండా మైదానంలోకి రానివ్వకండి. మొదటి వారం నుంచే పట్టుబడితే మూడో వారానికి గొడవ ఉండదు.

గంట శిక్షణను ఎలా నింపాలి

పిల్లలు ఒకేసారి రారు. ఒకరి కారు రౌండబౌట్ దగ్గర ఇరుక్కుపోతుంది, ఇంకొకరు స్విమ్మింగ్ నుంచి తడి జుట్టుతో వస్తారు. అందుకని మొదటి పది నిమిషాలకు విజిల్ వద్దు. వచ్చినవాళ్లు వచ్చినట్టు జతకట్టి కిక్-టు-కిక్ ఆడుకోవాలి. ఎదురెదురుగా నిలబడి ఒకరికొకరు తన్నుకోవడమే అది. ఈ దేశంలో ఈ ఆట నేర్చుకున్న ప్రతివాళ్లూ అలాగే, వీధిలోనో ఇంటి వెనకో, నేర్చుకున్నారు. నా దృష్టిలో ఎంత గొప్ప డ్రిల్ అయినా దీని తర్వాతే.

తర్వాత అయిదారు నిమిషాలు ఏదో ఒక ముట్టుకునే ఆట. బిబ్‌ను నడుం వెనక తోకలా దోపుకుని ఒకరి తోక ఒకరు లాక్కునే ఆట పెడితే పక్కకు తప్పుకోవడం, వేగం మార్చడం వాటంతటవే వస్తాయి. ఖోఖో పెట్టినా బాగుంటుంది. ఇక్కడి పిల్లలకు అది కొత్త, చాలా ఇష్టపడతారు.

మరో పావుగంట నైపుణ్యం. రెండు గుంపులు, మీ దగ్గర ఒకటి, అసిస్టెంట్ దగ్గర ఒకటి. ఏడెనిమిది నిమిషాలకు మార్చుకోవాలి. వారానికి ఒకే నైపుణ్యం. ఒకే రోజు కిక్, మార్క్, టాకిల్ మూడూ చెబితే ఇంటికి ఒక్కటీ వెళ్లదు.

మిగిలిన సమయంలో ఎక్కువ భాగం చిన్న ఆటలు: నలుగురికి నలుగురు, ఇరుకైన చతురస్రంలో. "బంతిని దాచుకోండి, ఆరు పాస్‌లకు ఒక పాయింటు" లాంటివి. జట్టంతా ఒకే బంతితో పెద్ద మ్యాచ్ ఆడుకుందాం అని పిల్లలు చెవినిల్లు కట్టుకుని పోరుతారు. ఒప్పుకోకండి. ఆ మ్యాచ్‌లో ముగ్గురు ఆడతారు, పన్నెండు మంది చూస్తారు. చివర్లో అయిదు నిమిషాలు గోల్ మీదికి తన్నే పోటీ పెట్టి పంపించేయండి.

మీరు మాట్లాడే సమయం ఎప్పుడూ ముప్పై సెకన్లు దాటకూడదు. చెప్పేటప్పుడు సూర్యుడు మీ కళ్లలో పడాలి, పిల్లల కళ్లలో కాదు. గాలి వీపున ఉండేలా వాళ్లను నిలబెట్టండి. బంతుల్ని కిందపెట్టి పాదం ఆనించమనండి. చేతిలో బంతి ఉన్న పిల్లాడి చెవికి మాట ఎక్కదు.

కిక్ నేర్పడం

ఎక్కువ ఓపిక కావాల్సింది ఇక్కడే. డ్రాప్ పంట్ అనే ఈ తన్నులో బంతి గాల్లో వెనక్కి దొర్లుతూ నిటారుగా వెళ్తుంది, అందుకే అవతలివాళ్లకు పట్టుకోవడం తేలిక.

పట్టు: బంతిని నిలువుగా, లేసు కుట్టు ముందుకు ఉండేలా, రెండు వైపులా వేళ్లు విప్పి పట్టుకోవాలి. తన్నబోయే కాలి తొడకు ఎదురుగా ఉండాలి, పొట్టకు ఎదురుగా కాదు. పొట్ట ముందు పట్టుకుంటే కాలు అడ్డంగా ఊగి బంతి పక్కకు పోతుంది.

వదలడం: తప్పంతా దాదాపు ఇక్కడే జరుగుతుంది. పిల్లలు బంతిని పైకి ఎగరేసి తన్నబోతారు. ఎగరేయకూడదు. కుడికాలితో తన్నేవాళ్లు కుడిచేత్తో బంతిని కిందికి తీసుకెళ్లి, తక్కువ ఎత్తులో వదలాలి. ఎడమచేయి అప్పటికే పక్కకు వచ్చేసి ఉంటుంది. తన్నకుండా ఉత్తిగా వదిలే సాధన చేయించండి: బంతి కింది మొన మీదే నేలకు తగలాలి. పక్కకు వాలి పడితే మళ్లీ. పదిసార్లు చేశాక తన్నమనండి, తేడా పిల్లలకే కనబడుతుంది.

తన్నడం: కాలివేళ్లు ముందుకు చాచి, చీలమండ బిగించి, పాదం పైభాగంతో బంతి కింది మొనను తాకాలి. తన్నాక కాలు లక్ష్యం వైపే వెళ్లాలి. మొదట్లో పరుగు వద్దు, ఒక్క అడుగు చాలు. దూరం పది మీటర్లు దాటనివ్వకండి. బలం చూపించాలన్న ఆశ పుట్టగానే పట్టూ వదలడమూ రెండూ చెడిపోతాయి. అక్కడ పొగడాల్సింది దూరాన్ని కాదు, బంతి వెనక్కి దొర్లడాన్ని. "చూడు, దొర్లింది!" అన్న మాట ఎంత పనిచేస్తుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

రెండో కాలితో తన్నడం కూడా ఈ వయసులోనే మొదలుపెట్టించండి. పదమూడేళ్లకు సిగ్గు వచ్చేస్తుంది.

హ్యాండ్‌బాల్, మార్క్, నేల బంతి

హ్యాండ్‌బాల్‌కు బొటనవేలు పిడికిలి బయట ఉండాలి. లోపల దాచుకుంటే నొప్పి చేస్తుంది. బంతి పెట్టుకున్న చేయి కదలకూడదు, దాన్ని పైకి లేపి కొడితే అంపైర్ విసిరినట్టే లెక్కగడతాడు. కొట్టాక పిడికిలి ఆ ఖాళీ అరచేతిలోకి వచ్చి ఆగాలి.

మార్క్ విషయంలో క్రికెట్ ఇంటి పిల్లలకు ఒక సుగుణం, ఒక అలవాటు దోషం ఉంటాయి. ఎత్తు నుంచి వచ్చే బంతికి భయపడరు, చూపు తిప్పరు. కానీ క్యాచ్‌కు ఆగినట్టు కిందే నిలబడి బంతి వచ్చేదాకా కాచుకుంటారు. క్రికెట్‌లో ఆ క్యాచ్ కోసం ఇంకెవరూ ఎగరరు. ఇక్కడ ముందు నుంచో వెనక నుంచో ఒకడు వచ్చి లాక్కుంటాడు. బంతికి ఎదురు వెళ్లడం నేర్పాలి. చేతులు ముఖం ముందుకు చాచి, వేళ్లు విప్పి, బొటనవేళ్లు రెండూ దగ్గరగా. మొదట్లో ఛాతీకి హత్తుకుని పట్టినా పర్లేదు.

నేల మీది బంతికి మోకాళ్లు వంచి, పక్కకు తిరిగి, చేతులు కిందికి పెట్టి తోడుకోవాలి. తల ముందుకు పెట్టి నడుం వంచి వెళ్లే పిల్లాణ్ణి వెంటనే ఆపండి. ఎదుటివాడి తుంటి తగిలి మెడకు దెబ్బ తగిలేది ఇలాంటప్పుడే. పక్కకు తిరగడం ఇక్కడ అందానికి కాదు, ప్రాణరక్షణకు.

టాకిల్: కబడ్డీ పిల్లలకు చిన్న హెచ్చరిక

చాలా లీగుల్లో ఈ వయసుకు పూర్తి టాకిల్ ఉండదు. రెండు చేతులతో చుట్టి పట్టుకోవచ్చు, కింద పడేయకూడదు. మోకాళ్ల మీద కూర్చోబెట్టి జతలుగా మొదలుపెట్టండి: తల ఎదుటివాడి పక్కకు, చెంప అతని తుంటికి ఆనేలా, చేతులు చుట్టూ. తల ఎప్పుడూ ముందుకు రాకూడదు. తర్వాత నిలబడి, నడుస్తూ, చివరికి మెల్లగా పరిగెత్తుతూ.

సెలవుల్లో ఊరెళ్లి మేనమామల దగ్గర కబడ్డీ నేర్చుకొచ్చిన పిల్లలకు పట్టు బాగుంటుంది, కాకపోతే చేయి నేరుగా చీలమండ మీదికి పోతుంది. ఇక్కడ మోకాలి కింద పట్టుకుంటే ఫ్రీ కిక్. ముందే చెప్పి ఉంచండి.

తాకిడికి భయపడే పిల్లలు ప్రతి జట్టులోనూ ఇద్దరు ముగ్గురుంటారు. వాళ్లను "ధైర్యంగా ఉండు" అనడం వల్ల ఉపయోగం లేదు. తమ సైజువాళ్లతోనే జతకట్టించి, మోకాళ్ల మీద ఆటను ఇంకో రెండు వారాలు పొడిగించండి.

ఎవరిని ఎక్కడ పెట్టాలి

మొదటి మ్యాచ్‌లో మీరు చూసేదేమిటంటే, పన్నెండు మందికి పన్నెండు మందీ బెల్లం ముక్కకు చీమలు పట్టినట్టు బంతి చుట్టూ మూగుతారు. దాన్ని అరుపులతో చెదరగొట్టలేరు. ముందు, మధ్య, వెనక అని మైదానాన్ని మూడుగా చూపించి, "నీ ఇంట్లోంచి బయటికి రాకు" అని ఒక్కటే చెప్పండి. మే నెలాఖరుకు సగం చెదురుతారు. ఆ సగంతో సంతోషపడండి.

రొటేషన్ కాగితం శనివారం రాత్రే రాసుకోవాలి. పదిహేను మంది ఉంటే ప్రతి క్వార్టర్‌లో ముగ్గురు బయట కూర్చుంటారు. నాలుగు క్వార్టర్లకు పన్నెండు వంతులు, అంటే ముగ్గురికి బయట కూర్చునే వంతే రాదు. ఆ ముగ్గురి పేర్లు కాగితం అడుగున రాసి, వచ్చే వారం మొదటి క్వార్టర్‌లో వాళ్లను కూర్చోబెట్టండి. పదహారు మందైతే లెక్క సరిగ్గా సరిపోతుంది. ఒక్కో పిల్లాడూ పిల్లా ఒక మ్యాచ్‌లో కనీసం రెండు చోట్ల ఆడేలా చూడండి. ఈ కాగితం దాచిపెట్టేది కాదు. ఫోటో తీసి మేనేజర్‌కు పంపండి, అడిగినవాళ్లకు చూపించండి.

గాలి సంగతి మర్చిపోకండి. పడమటి శివార్లలో మైదానాలు బోసిగా ఉంటాయి, గాలి బంతిని ఒక వైపుకే తోస్తూ ఉంటుంది. రెండో వైపు నిలబెట్టిన పిల్లకు క్వార్టర్ మొత్తంలో బంతి రాదు. మొదటి అయిదు నిమిషాల్లో ఆ చచ్చిన వైపు ఏదో కనిపెట్టి అక్కడివాళ్లను మధ్యలోనే మార్చండి. బిడియపడే పిల్లల్ని అటు పంపి "అందరికీ సమానంగా ఆడే సమయం ఇచ్చాను" అనుకునే కోచ్‌లు లేకపోలేదు. నిమిషాలు సమానమే, బంతి మాత్రం సమానం కాదు.

బాగా ఆడే ఒకరిద్దరికి వేరే లెక్క పెట్టండి. ఈ క్వార్టర్‌లో ఎడమకాలితోనే తన్నాలి, లేదా గోల్ కొట్టేముందు ఇంకొకరికి హ్యాండ్‌బాల్ ఇవ్వాలి. వాళ్లకూ విసుగు పుట్టదు, మిగతావాళ్లకూ బంతి అందుతుంది.

ఆదివారం ఉదయం

ముప్పావుగంట ముందు చేరుకోండి. సొంత మైదానమైతే కోన్లతో హద్దులు, గోల్ స్తంభాలకు ప్యాడ్లు మీ జట్టు పనే. అవతలి కోచ్‌తో చేయి కలిపి, ఎంతమంది వచ్చారో అడగండి. వాళ్లకు తక్కువుంటే మీ పిల్లల్ని ఇద్దర్ని అరువివ్వండి. ఈ వయసులో అది మామూలే. రెండు నెలల తర్వాత ఫ్లూ వచ్చి మీకూ తక్కువపడతారు.

వార్మప్ పది నిమిషాలు చాలు. క్వార్టర్ విరామంలో ఒకే మాట చెప్పండి: "బంతి మన చేతిలో ఉన్నప్పుడు దూరంగా పరిగెత్తండి" లాంటిది. మిగతా సమయం నీళ్లకు, నారింజ ముక్కలకు. విరామాల్లో పంచే లాలీ స్నేక్స్ (పాము ఆకారపు జెల్లీ మిఠాయిలు)లో సాధారణంగా జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. శాకాహారం తినే ఇళ్లవాళ్లు, హలాల్ పాటించేవాళ్లు ఉంటారు కాబట్టి మేనేజర్‌తో చెప్పి అందరూ తినగలిగేవి తెప్పించండి. మ్యాచ్ అయ్యాక సాసేజ్ సిజిల్ (అక్కడికక్కడే కాల్చి ఇచ్చే మాంసపు సాసేజ్‌లు) దగ్గర కూడా ఇదే మాట.

ఆట జరుగుతుండగా పిల్లలకు అడుగడుగునా ఆదేశాలివ్వకండి. "కిక్! కిక్!" అని మీరు అరిస్తే వాడు తలెత్తి చూడటం నేర్చుకోడు. స్కోరు రాయరు గానీ పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూనే ఉంటారు, ఇంటికెళ్లే కార్లో చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. మీరు మాత్రం ఆ లెక్కలో పడొద్దు.

అంపైర్ చాలాసార్లు పద్నాలుగు, పదిహేనేళ్ల కుర్రాడో అమ్మాయో అయ్యుంటారు. వాళ్ల నిర్ణయం తప్పని మీకు నూటికి నూరుపాళ్లు తెలిసినా నోరు విప్పకండి. మ్యాచ్ అయ్యాక మీ పిల్లలందరినీ తీసుకెళ్లి థాంక్స్ చెప్పించండి.

తలకు దెబ్బ తగిలితే

ఇక్కడ మీ అభిప్రాయానికి చోటు లేదు. తలకు దెబ్బ తగిలి పిల్లాడు తూలినా, అయోమయంగా చూసినా, తలనొప్పి, వాంతి, కళ్లు మసక అన్నా, కన్‌కషన్ (మెదడుకు అదురు తగలడం) అన్న అనుమానం వచ్చినా ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. "ఇప్పుడు బాగానే ఉన్నాను" అన్నా సరే, వాళ్ల నాన్న "ఏం కాలేదులే" అన్నా సరే. డాక్టరుకు చూపించాలి. స్థానిక క్లబ్బుల స్థాయి ఫుటీలో కన్‌కషన్ తర్వాత మళ్లీ మ్యాచ్ ఆడటానికి కనీసం 21 రోజులు ఆగాలి, మధ్యలో మెట్లు మెట్లుగా శిక్షణకు రావాలి, డాక్టరు అనుమతి ఉండాలి. స్పృహ తప్పినా, మెడ నొప్పి అన్నా, వాంతులు ఆగకపోయినా కదపకుండా అత్యవసర నంబరు 000కి ఫోన్ చేయండి. ట్రైనర్ ఉన్నారు కదా అని ఊరుకోకుండా ఈ లక్షణాలు మీకూ నోటికి వచ్చి ఉండాలి.

తల్లిదండ్రులు, అందులో మనవాళ్లు

సీజన్ మొదలయ్యే ముందు ఒక చిన్న సమావేశం పెట్టండి, శిక్షణ జరుగుతుండగా హద్దు గీత దగ్గరే. అందరికీ సమాన సమయం, అందరూ అన్ని చోట్లా ఆడతారు, హద్దు బయట నుంచి చప్పట్లే గానీ సలహాలు వద్దు, ప్రతి ఇంటికీ ఒక డ్యూటీ. ఈ మాటలు ఏప్రిల్‌లో చెబితే నియమంలా వినిపిస్తాయి, జూన్‌లో చెబితే ఫలానావాళ్ల మీద ఫిర్యాదులా వినిపిస్తాయి.

మన తల్లిదండ్రుల నుంచి వచ్చే ప్రశ్న సాధారణంగా ఒకటే: "మావాణ్ణి సెంటర్‌లో ఎందుకు పెట్టలేదన్నా?" ర్యాంకుల మధ్య పెరిగినవాళ్లం కదా, వెనక ఆడటం అంటే తక్కువ మార్కులు వచ్చినట్టు అనిపిస్తుంది. రొటేషన్ కాగితం చూపించండి, వచ్చే వారం ఎక్కడ ఆడతాడో చెప్పండి. వాదించకండి. ఆదివారం ట్యూషన్ క్లాసు మ్యాచ్‌కు అడ్డొచ్చే ఇళ్లుంటే ముందే చెప్పమనండి. రానిరోజు రానట్టు కాగితంలో ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు.

జట్టులో తెలుగు పిల్లలుంటే వాళ్లు మిమ్మల్ని అంకుల్ అంటారు, మిగతావాళ్లు పేరు పెట్టి పిలుస్తారు. రెండూ ఉండనివ్వండి. కానీ మైదానంలో సూచనలు మాత్రం అందరికీ అర్థమయ్యే భాషలోనే ఇవ్వండి. మనవాళ్లకు తెలుగులో చెవిలో చెప్పిన చిన్న చిట్కా కూడా పక్కనున్న తల్లిదండ్రుల కళ్లకు పక్షపాతంలా కనబడుతుంది. మీ సొంత పిల్లాడి విషయంలో ఇంకా జాగ్రత్త. శిక్షణలో వాడికి సూచనలు అసిస్టెంట్ చేత చెప్పించండి. కార్లో ఎక్కాక ఆట గురించి వాడు ఎత్తితేనే మాట్లాడండి.

అమ్మాయిలున్న ఇళ్లనూ కదపండి. 2017లో మహిళల జాతీయ లీగ్ మొదలయ్యాక క్లబ్బుల్లో అమ్మాయిల జట్లు పెరిగాయి. అయినా "ఆడపిల్లకు ఈ తోపులాట ఎందుకు" అనే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. పిల్లను ఒక్క శిక్షణకు తీసుకొచ్చి చూడమంటే చాలు, మిగతా వాదన పిల్లే చేసుకుంటుంది.

ఆగస్టు, ఆ తర్వాత

ఆఖరి మ్యాచ్ తర్వాత క్లబ్బు గదిలో చిన్న విందు, ట్రోఫీలు ఉంటాయి. ఈ వయసులో ఉత్తమ ఆటగాడి బహుమతులు వద్దు. ఒక్కొక్కరి గురించి ఒక నిజమైన వాక్యం రాసుకుని వెళ్లండి: మే నెలలో ఏం చేయలేకపోయారు, ఇప్పుడేం చేయగలుగుతున్నారు. "అందరూ బాగా ఆడారు" అంటే పిల్లలు మీ వైపు కూడా చూడరు.

ఇదే జట్టును పైకి తీసుకెళ్లాలనుకుంటే అండర్-11 వేరే ఆట అని తెలుసుకోండి. బంతి సైజు 3 అవుతుంది, పక్షానికి పదిహేను మంది వస్తారు, టాకిల్ నిజమైన టాకిల్ అవుతుంది, కొన్నిచోట్ల స్కోరు కూడా మొదలవుతుంది. ఆ ఏడాది టాకిల్, కింద పడటం మీద ముందస్తు శిక్షణ ఎక్కువ కావాలి. మీరు తప్పుకోవాలనుకుంటే సెప్టెంబరులోనే, అందరికీ కలిపి మెయిల్ పెట్టకుండా, హద్దు గీత దగ్గర ఓపిగ్గా నిలబడే ఒక తల్లినో తండ్రినో ఎంచుకుని నేరుగా అడగండి. మెయిల్‌కు రాని జవాబు ముఖాముఖి అడిగితే వస్తుంది. రొటేషన్ కాగితాలన్నీ వాళ్లకివ్వండి. బంతుల సంచి క్లబ్బుకు తిరిగి అప్పజెప్పే ముందు పంపు సూది అందులో ఉందో లేదో చూడండి, ప్రతి ఏడూ అదే పోతుంది.